పదిహేడో గుంత దగ్గర కుడివైపు దారి

అధ్యక్షులు కేశవప్పగారికి, వేదిక మీది పెద్దలకు, క్లబ్బు సభ్యులకు, గడ్డి పని చేసే మా వాళ్లందరికీ నమస్కారం. మునియప్పా, నువ్వలా వెనక గోడకు ఆనుకుని నిలబడితే నాకు మాట రాదు, ముందుకొచ్చి కూర్చో. (నవ్వులు)

ఇరవై రెండేళ్లుగా ఈ హోసూరు గోల్ఫ్ మైదానాన్ని నేను బిడ్డలా పెంచానని ఇంతసేపూ పొగిడారు. పెంచింది మునియప్ప, నేను గొడుగు కింద నిలబడి చెయ్యి చూపించినవాణ్ణి. పదిహేడో గుంత దగ్గరి చెరువును మరీ మెచ్చుకున్నారు. తల ఎత్తలేకపోయాను.

మూడేళ్ల కిందట అది చిన్న మడుగు. దూరం కొట్టగలవాడు నీళ్ల మీదుగా కొట్టేవాడు, కొట్టలేనివాడు కుడివైపు చదును నేల మీదుగా ఒక దెబ్బ ఎక్కువ వేసుకుని చేరేవాడు. నేను మడుగును పెద్దది చేయించి, ఆ నేలను నీళ్లవైపు వాలుగా చెక్కించాను. ఎందుకంటారా, ఫోటోలో బాగుంటుందని.

మునియప్పకు ఒక అలవాటుంది. కొత్తగా చెక్కిన నేల మీద చేత్తో బంతులు వేసి ఎక్కడ ఆగుతాయో చూస్తాడు. ఆరోజు ఇరవై వేశాడు.

"పదిహేడు నీళ్లలోకి పోయినాయి సామీ. దూరం కొట్టలేనోడికి ఈడ దోవే లేదు" అన్నాడు.

నీకు గడ్డి తెలుసు, ఆట నాకు తెలుసు అన్నాను. అతను బంతులు ఏరుకుని వెళ్లిపోయాడు.

పోయిన ఏడాది ఛాంపియన్‌షిప్‌లో మన చంద్రు, అదిగో మూడో వరసలో ఉన్నాడు, మూకండపల్లిలో లేతు మిషన్ మీద పనిచేస్తాడు, అడిగి తెచ్చుకున్న పాత కర్రలతో ఆడి పద్దెనిమిదింటిలో పదహారు గుంతలయ్యేసరికి అందరికన్నా ఒక దెబ్బ తక్కువతో ముందున్నాడు. గెలిస్తే రాష్ట్ర పోటీలో చోటు. ఆ కర్రలతో బంతి నీళ్లు దాటదని తెలిసి, దాన్ని కుడివైపు నేల నడిమధ్యకు కొట్టాడు. అది ఆగినట్టే ఆగి, మెల్లగా దొర్లి చెరువులో పడింది. అక్కడ రెండు దెబ్బలు పోయాయి, ఒక్క దెబ్బతో పోటీ పోయింది.

"నేను తప్పుగా కొట్టినానా సార్?" అని అడిగాడు.

దురదృష్టం, ఆటలో మామూలే అన్నాను. పైగా భుజం తట్టాను. ఆ తట్టిన చేతిని చూసుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

చంద్రూ, నువ్వు సరిగ్గానే కొట్టావప్పా. తప్పుగా గీసింది నేను. ఆట కష్టంగా ఉండొచ్చు, కానీ మంచి దెబ్బకూ చెడ్డ దెబ్బకూ ఒకే శిక్ష వేస్తే అది అన్యాయం. ఆ సంగతి తెలిసీ చేశాను, తెలిసీ ఏడాదిపాటు నోరు మూసుకున్నాను. నన్ను క్షమించు.

కేశవప్పగారూ, ఆ శాలువా ఇంకా విప్పకండి. రేపు పొద్దున కుడివైపు నేలను మళ్లీ చదును చేయడానికి మీరు ఒప్పుకున్నారు. (నవ్వులు) ఇప్పుడే తలూపారు, అందరూ చూశారు. పార పట్టేది నేను, చెయ్యి చూపించేది మునియప్ప. ఇరవై బంతులూ ఆగినాయని అతను అన్నాకే నేను పార దించుతాను. అప్పుడు ఆ శాలువా అతనికి కప్పండి.

ఇన్నేళ్లు నన్ను నమ్మినందుకు మీకందరికీ కృతజ్ఞతలు. నమ్మకూడని చోట కూడా నమ్మారు. సెలవు.