అంచు పైకి వచ్చే మడత

నరసరావుపేటలో ఒక చీరల కొట్టు. మధ్యాహ్నం బేరాల్లేవు. తల్లి లోపల, పొద్దున విప్పి చూపించిన చీరలు మళ్ళీ మడతపెడుతోంది. గల్లా దగ్గర తండ్రి, బయోటెక్నాలజీ చదివే కూతురు.

"మీ అమ్మ మతిమరుపుకి డాక్టరుగారు ఏందో ప్రోటీన్ అన్నాడు. ఏందమ్మా అది?"

"కణాల్లో తయారవుతుంటయ్ నాన్నా. ఒక్కోదానికీ ఒక మడత ఉంటది. అది కుదిరితేనే పనిచేస్తది."

"కుదరకపోతే?"

"సరిచేసేవి వేరే ఉంటయ్, మళ్ళీ మడతపెట్టడానికి."

"మీ అమ్మ చేసే పనే గదా."

"ఆ. అప్పటికీ కుదరనిదాన్ని కణం ముక్కలు చేసి పారేస్తది. పెద్దవయసులో ఈ పనులన్నీ మందగిస్తయ్. తప్పు మడతవి అతుక్కుని మెదడులో పేరుకుపోతయ్."

"మందులేస్తే పోతయ్యా?"

"అమ్మ మళ్ళీ మామూలు మనిషైతే కాదు నాన్నా."

తండ్రి లోపలివైపు చూశాడు.

"కానీ అమ్మ చేతులు మడత మర్చిపోలా. అరల్లో చూడు, ప్రతి చీరకీ అంచు పైకే ఉంది."

"మెల్లగా మాట్లాడు. దసరా నుంచీ అంచు లోపలికే పెడతంది. ఆమె అన్నానికి లేచినప్పుడు నేనే విప్పి సరిచేస్తన్నా."