నాలుగు మరలు

రాత్రంతా కురిసిన వాన తెల్లవారాక ఆగింది. ఒహాయోలో మా కంచెకు అవతల పక్కింటి దంపతులు చూరు నీళ్లు దింపే గొట్టం దగ్గర నిలబడ్డారు. ఆయన చంకలో తడిసిన దిండు ఉంది.

“నేలమాళిగలో కాపురం ఎలా ఉంది మహానుభావా?”

“మంచం చుట్టూ నీళ్లే. నీకు నవ్వులాటగా ఉంది.”

“హీటర్ ఒక్క గీత పెంచానని నెల కిందట అలిగి కిందికి దిగింది నువ్వే.”

“ఇటు చూడు. నీళ్లన్నీ గోడ మొదట్లోనే పడుతున్నాయి. వాటిని దూరంగా వదిలే అడుగు గొట్టం ఏదీ?”

“గడ్డి కోయడానికి తీసి, తిరిగి పెట్టడం మర్చిపోయుంటావు. ఈ వీధి మగాళ్లందరికీ అదే జబ్బు.”

“శనివారం కోత అవగానే పెట్టాను. ఈసారి మరలు కూడా బిగించాను.”

“అబ్బో! ముప్పయ్యేళ్లకి ఒక పని పూర్తి చేశావు. అయితే గాలికి ఊడిపోయుంటుంది.”

“ఊడదీసిన గాలి దాన్ని గ్యారేజీలో గోడకి ఆనించి పెట్టిందా?”

“బుద్ధిగల గాలి.”

“నాలుగు మరలూ జామ్ సీసాలో వేసి మూత కూడా పెట్టింది.”

“పారేస్తే మళ్లీ కొనాలిగా.”

ఆయన గ్యారేజీలోంచి గొట్టం, సీసా తెచ్చాడు; సీసా ఆవిడ లాక్కుంది.

“పైకి రమ్మని ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయింది?”

“వస్తానని నువ్వంటే నీదేం పోయింది?”

“సరే, ఆ సీసా ఇటివ్వు. గొట్టం బిగించేస్తాను.”

“ఇవ్వను. బిగిస్తే కింద ఆరిపోతుంది. ముందు ఆ దిండు పైన మన గదిలో ఆరెయ్యి.”