విమానాన్ని గుంజిన సబర్బన్

దబీర్‌పురా స్టేషన్ పక్కన తాహిర్ చాయ్ హోటల్లో, కువైట్‌లో ఒక షేక్ దగ్గర డ్రైవర్‌గా చేసి వచ్చానని చెప్పుకునే ఇశ్రాయేలు నోరు తెరిచాడంటే అక్కడి కబుర్లే. ఆ పొద్దున వాటికి పెద్ద అవసరమే వచ్చిపడింది. తాహిర్ కొడుకు కాషిఫ్ పెళ్లి బారాత్ కోసం తెలిసిన సేటు ఒకాయన తన పెద్ద అమెరికన్ కారు షెవర్లె సబర్బన్ పంపాడు. తెచ్చిన డ్రైవరేమో జ్వరంతో పడుకున్నాడు. సాయంత్రం పెళ్లికొడుకును హుస్సేనీ ఆలం దాకా ఎవరు తీసుకెళ్లాలి? ఆ పని తనకే దక్కాలని ఇశ్రాయేలు ప్రాణం కొట్టుకుపోతోంది.

"గా బండి సంగతి నన్నడుగుండ్రి. పందొమ్మిదొందల ముప్పై అయిదుల పుట్టింది, గిప్పటిదాంక పేరు మారలే. మా షేక్ ఇంట్ల పాతయి, కొత్తయి అన్ని ఉండె. డెబ్బై రెండు మాడల్‌కైతే డ్రైవర్ దిక్కు ఒక్కటే డోరు, అవుతలి దిక్కు రెండు. తొమ్మిది మంది పట్టే బండిల పదకొండు మందిని తోల్కపోయిన."

పదకొండేనా అన్నాడు గౌలిపురాలో పాలు పోసే నగేష్, చాయ్ ఊదుకుంటూ.

"మేకలు వేరే. నడుమల ఇసుక దుమారం లేసింది. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? ఇరికిన లారీకి తాడు కట్టి గుంజిన. దాని ఎనక ఇంకో లారీ ఉండె, గది గూడ వచ్చింది. ఆడికెళ్లి ఎయిర్‌పోర్టుకు పోతే ఇమానం మొరాయించింది. షేక్ నా దిక్కు సూసిండు, నేను తాడు దిక్కు సూసిన. అది గాల్లకు లేసేదాంక ఇడ్సలే."

"బండి గూడ లేసిందా అన్నా?"

"ముందటి టైర్లు రెండే. అబద్ధమెందుకు."

తాహిర్ నవ్వలేదు. తాళంచెవి తెచ్చి ఇశ్రాయేలు చేతిలో పెట్టాడు. ఇశ్రాయేలు బండి దగ్గరికి వెళ్లి డోరు తీశాడు. చెప్పులు కింద విడిచాడు. ప్యాంటు మడిచాడు. హోటల్లోంచి తెచ్చుకున్న పాత పేపరు సీటు మీద పరిచి, దాని అంచున కూర్చున్నాడు, కాళ్లు బయటే పెట్టుకుని.

నగేష్ గ్లాసు దించాడు. "అన్నా, తోలెటోడు సీటు మీద పేపరేస్తడా?"

ఇశ్రాయేలు పేపరు వైపు చూసుకున్నాడు. చేతులు తనను అడక్కుండానే చేసేశాయి. సిగ్గుతో తల పైకి లేవలేదు.

"తోల్లే, తాహిర్ భాయ్. పందొమ్మిదేండ్లు బండ్లు కడిగిన. సీటుకు తడి అంటితె షేక్ ఊకోకపోయేది."

తాహిర్ తాళంచెవి వెనక్కి తీసుకున్నాడు. ఇశ్రాయేలు బకెట్ అడిగి తెచ్చుకుని మధ్యాహ్నం దాకా బండి కడిగాడు. అద్దంలా మెరిసింది.

సాయంత్రం డ్రైవరు గోలీ వేసుకుని లేచి వచ్చాడు. కాషిఫ్ ముఖం మీది పూల సెహ్రా సర్దుకుంటూ వెనక కూర్చున్నాడు. తాహిర్ ముందు డోరు తీసి ఇశ్రాయేలును చెయ్యిపట్టి ఎక్కించాడు. ఆయన చంకలోని పేపరు లాగి అవతల పారేశాడు.

మెత్తటి సీట్లో ఇశ్రాయేలు నిండా కూర్చుని వెనక్కి వాలాడు. కళ్లు తుడుచుకుని, కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"నగేషూ, ముందట నుంచి జరుగు. టైర్లు లేస్తయి."