రెండింటిలోగా చెప్పాలి

షుగర్‌తో పుండుపడ్డ తండ్రి కాలు తీసెయ్యాలా, ఆగి చూడాలా అన్నది మధ్యాహ్నం రెండింటిలోగా చెప్పమన్నారు. ఆసుపత్రి వరండాలో అక్కా తమ్ముడూ సంతకం కాగితం పట్టుకుని నిలబడ్డారు.

"డాక్టరేటన్నాడో మళ్ళీ సెప్పు."

"నాలుగుసార్లు సెప్పేనక్కా! ఇప్పుడు తీసేత్తే మోకాలు కిందవరకే పోద్ది. రెండ్రోజులు మందులేసి సూత్తే కాలు మిగలొచ్చు. విషం పైకెక్కిందా, మడిసే మిగలడు."

"ఆయన తండ్రికైతే ఏటి సేత్తాడో అడక్కపోయావా?"

"అడిగేను. 'ఫైసలా ఆప్ లోగ్ కీజియే' అన్నాడు. మనవే తేల్సుకోవాలంట."

"అయితే తీయించీ."

"పొద్దున్న వద్దన్నావు కదా!"

"పొద్దున్న నాకు నాన్న సైకిలు తొక్కడమే గుర్తొచ్చింది. ఇప్పుడు ఆ జొరం సూసేను."

"రేపు నాన్న లేచి 'నా కాలేదిరా?' అంటే నానేటి సెప్పాల?"

"నాను సెప్తాన్లే."

"నువ్వు పర్సుడీహ్‌లో మీ అత్తోరింటికి ఎల్లిపోతావు. రోజూ ఆయన మొకం సూడాల్సింది నాను."

అక్క వార్డు తలుపు వైపు చూసింది.

"ఒరే, మనం ఇక్కడ కొట్టుకుంటన్నాం. నాన్ననడిగేమా?"

"బయపడతాడని అడగలేదు."

"బయపడితే పడనీ. కాలు ఆయనది."

ఆమె ఒక్కతే వార్డులోకి వెళ్ళి, పది నిమిషాలకు కొంగుతో ముక్కు తుడుచుకుంటూ వచ్చింది.

"ఏటన్నాడక్కా?"

"తీయించేద్దామని మొన్నే అనుకున్నాడంట. మన మొకాలు సూసి సెప్పలేకపోయేడంట. సంతకం పెట్టు."