బావ కావాలని పెట్టిన తప్పు

పెద్దలకూ, పిన్నలకూ, బావతో కలిసి పనిచేసినవాళ్లకూ, పని చేయించుకున్నవాళ్లకూ, చేయించుకుని ఆయనతో పోట్లాడినవాళ్లకు కూడా నమస్కారం. ఆఫీసు చిన్నది, నిలబడ్డవాళ్లు కాస్త సర్దుకోండి. ఈ గదిలో ఎప్పుడు ఏ సమావేశం పెట్టినా చివర్న నిలబడి, మధ్యలో చెయ్యెత్తి, ఏదో ఒకటి అడిగే మనిషి ఈరోజు లేడు. ఆయన పోయి పది రోజులైంది. నేను మాట్లాడుతుంటే ఎవరూ అడ్డు రాకపోవడం పద్నాలుగేళ్లలో ఇదే మొదటిసారి. నాకేం బాగాలేదు.

నేను ఆయన బావమరిదిని. ఆయన బల్లకి ఎదురుబల్ల నాది. నాకు కోపం ఎక్కువ. ఆ సంగతి తెలియనివాళ్లు ఎవరైనా ఉంటే పక్కవాళ్లని అడగండి.

ఆ గోడ మీద తెరలో నలుగురు కనిపిస్తున్నారు, చూశారా? వాళ్లు సముద్రం అవతల ఉంటారు. మనకి పొద్దున అయితే వాళ్లకి సాయంత్రం. మీరంతా వెబ్‌సైట్ కావాలని మా దగ్గరికి వస్తారు. అందులో ప్రోగ్రామింగ్ పనంతా తొమ్మిదేళ్లుగా మేం సబ్‌కాంట్రాక్టుకి ఇస్తున్నది ఆ నలుగురికే. బావ ఒక్కో పేజీ ఎలా ఉండాలో కాగితం మీద పెన్సిల్‌తో గీసేవాడు, స్కాన్ చేసి పంపేవాడు. వాళ్లు దాన్ని చూసి కోడ్ రాసి పంపేవాళ్లు. ఆ మూల కంప్యూటర్ దగ్గర కూర్చున్నది మా మేనకోడలు, బావ కూతురు. నేను చెప్పేదంతా వాళ్ల భాషలో టైపు చేస్తోంది. నేను తొందరపడితే చెయ్యెత్తమ్మా, ఆగుతాను.

ఆ నలుగురి మనసులో ఒక ప్రశ్న ఉంది. ఇక మీదట ఈ పని మాకుంటుందా, పోతుందా అని. మొహమాటపడి అడగడం లేదు. జవాబు చెప్పాల్సింది నేను. నేనూ చెప్పలేదు.

దాచడం ఎందుకు? పని అంత దూరం పంపడం నాకు మొదట్నుంచీ ఇష్టం లేదు. ఇక్కడే ఇద్దర్ని పెట్టుకుందాం బావా, కళ్లెదుట ఉంటారు, పిలిస్తే పలుకుతారు అని ఏటేటా పోరేవాణ్ని. ఆయన తల ఊపేవాడు. ఊపి, కాగితాలు మళ్లీ వాళ్లకే పంపేవాడు. ఆయన పోయిన రెండోరోజున నేను రెండు కొత్త కుర్చీలు తెప్పించాను. అవునండీ, రెండోరోజునే. ఇంకా ప్లాస్టిక్ కవర్లు కూడా విప్పలేదు. కళ్లజోళ్ల షాపు యజమానిగారూ, మీరు కూర్చున్నది వాటిలో ఒకదాని మీదే. ఇందాకటి నుంచీ మీరు కదిలినప్పుడల్లా చప్పుడు చేస్తున్నది ఆ కవరే.

మీ సంగతే ముందు చెప్పాలి. ఈ నలుగురికీ మేం ఇచ్చిన మొట్టమొదటి పని మీ షాపుదే. బావ పేజీ గీస్తూ గీస్తూ పక్కనున్న కాఫీ గ్లాసు తీసి ఆ కాగితం మీదే పెట్టుకున్నాడు. గ్లాసు ఎత్తాక కాగితం మూలన గుండ్రంగా మరక. ఎవరు పట్టించుకుంటారని అలాగే స్కాన్ చేసి పంపేశాడు. మూడు వారాలకి వెబ్‌సైట్ వచ్చింది. ఆ మర్నాడు యజమానిగారు ఫోన్ చేసి ఏమన్నారో నాకింకా గుర్తుంది. "ఏమండీ, మా వెబ్‌సైట్ మీద ఎవరో కాఫీ గ్లాసు పెట్టారండీ" అన్నారు.

తెరిచి చూస్తే ఏముంది. పైన కుడి మూలన లేత గోధుమరంగులో చక్కటి గుండ్రం. కాగితం మీద ఒకచోట మరక చెదిరింది, ఇక్కడా సరిగ్గా అదేచోట చెదిరింది. నేను ఇంతెత్తున లేచాను. ఈ తెలివికా మనం పని పంపేది, ఇవాళే మాన్పించేద్దాం అన్నాను. బావ ఏం చేశాడో తెలుసా? మొహం తెరకి ఆనించినంత దగ్గరగా పెట్టి, "ఎంత శ్రద్ధగా దించారో చూడు బామ్మర్దీ" అన్నాడు. కాసేపు నవ్వాడు. ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది. "ఇదేమిటని మనల్ని అడగలేదేం?" అన్నాడు. ఆ రోజంతా అదే మాట. అన్నం తింటూ అదే, చేతులు కడుక్కుంటూ అదే. అడగలేదేం, అడగలేదేం అని నా ప్రాణం తీశాడు.

ఉండబట్టలేక వాళ్లకే ఫోన్ చేశాడు. ఆ పేజీ రాసింది తెర మీద ముందు కూర్చున్న ఆవిడ. అప్పటి నుంచి బావ ఆవిడకి కాఫీ అమ్మాయి అని పేరు పెట్టాడు. ఇద్దరు పిల్లల తల్లి అయినా మాకింకా కాఫీ అమ్మాయే. ఆవిడ ఆరోజు అన్నది ఇది. "అది కాఫీ మరకని నాకు తెలుసండీ. కానీ మీ కాగితంలో ఉంది కదా. ఇంతకుముందు మేం పనిచేసినచోట ఏదైనా అడిగితే, వీళ్లకి పని రాదని ఇంకొకరికి ఇచ్చేసేవాళ్లు."

విన్నారా? తెలుసట. తెలిసీ చేసిందట. బావ ఫోన్ పెట్టేసి నావైపు తిరిగి, "వాళ్లకి పని వచ్చు, అడగాలంటేనే భయం. ఆ భయం ఎలా పోతుందంటావ్?" అన్నాడు. నేను, మనుషుల్ని మారిస్తే పోతుందన్నాను. నాకు తోచిన ఉపాయం అదొక్కటే.

ఆయనకి తోచింది వేరు. తర్వాతి పని పశువుల డాక్టరుగారిది. పేషెంట్ల వివరాలు నింపే పేజీలో కుక్క పేరు, కుక్క వయసు అని రాసి, దాని కింద బావ కావాలనే 'కుక్క ఉద్యోగం' అని రాశాడు. ఈసారైనా అడుగుతారని ఎదురుచూశాడు. వాళ్లు అడగలేదు. పైగా ఉద్యోగం ఎంచుకోవడానికి నాలుగు రకాలు పెట్టి మరీ పంపారు. కాపలా, పోలీసు, వేట, నాలుగోది ఖాళీ. బావ కళ్లనీళ్లు కారేదాకా నవ్వాడు. మా ఇంటి కుక్కని ఆయన చివరిదాకా ఖాళీగారూ అనే పిలిచాడు.

నవ్వడం అయ్యాక కూర్చుని వాళ్లకి ఒక ఉత్తరం రాశాడు. ఇకనుంచి నేను పంపే ప్రతి కాగితంలోనూ ఒక తప్పు కావాలని పెడతాను, అదేమిటో పట్టుకుని నన్ను అడిగేదాకా పని మొదలుపెట్టకండి అని. చూడండీ, పని ఇచ్చేవాడు పని చేసేవాళ్లకి పెట్టే నిబంధన ఇదా? తొందరగా చెయ్యండి అని రాస్తారు ఎవరైనా. అడగందే చెయ్యకండి అని ఎవరు రాస్తారు? మొదట్లో ఒక్కో పనికి రోజు, రెండు రోజులు దండగయ్యేవి. నేను పళ్లు నూరేవాణ్ని. పోనుపోను అవతల్నుంచి ప్రశ్నలు మొదలయ్యాయి. ముందు ఒకటి, తర్వాత మూడు, తర్వాత ఇరవై.

ఇక్కడ రక్తపరీక్షల ల్యాబ్ అమ్మగారు ఉన్నారు. మీ రిపోర్టుల పేజీకి కాఫీ అమ్మాయి ఒకటి అడిగింది. ఇంట్లో అందరికీ ఒకే ఫోన్ నంబరు ఉంటే ఎవరి రిపోర్టు ఎవరికి కనబడుతుంది అని. అది బావ కావాలని పెట్టిన తప్పు కాదు. ఆయన గీశాడు, నేను మూడుసార్లు చదివాను, మీరు సంతకం పెట్టారు. ముగ్గురికీ కనబడలేదు. అలాగే వదిలేసి ఉంటే తండ్రి రిపోర్టు చూసి కొడుకు మందులు మింగేవాడు. బావ ఆ కాగితం పట్టుకుని, కింద టీ తాగుతున్న నా దగ్గరికి మెట్ల మీద పరిగెత్తుకుంటూ వచ్చాడు. పరీక్షలో తనే ఫస్టు వచ్చినంత సంబరం. తన తప్పు బయటపడితే అంత సంతోషించే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఇప్పుడు నా సంగతి చెబుతాను. ఇది చెప్పడం నాకు కష్టంగా ఉంది.

బావ చివరిసారి ఆఫీసుకి వచ్చిన రోజున పళ్ల డాక్టరుగారి అపాయింట్‌మెంట్ల పేజీ గీసి, నలతగా ఉందని తొందరగా ఇంటికి వెళ్లాడు. అదే వెళ్లడం. కాగితం బల్ల మీద ఉండిపోయింది. ఆయన పోయిన మూడోరోజున నేనే దాన్ని స్కాన్ చేసి వాళ్లకి పంపాను. పంపుతూ, బావ పోయాడని ఒక్కమాట రాయలేదు. ఎందుకు? చెబితే రేపటి సంగతి అడుగుతారు. ఈ ఒక్క పనీ అయిపోనీ, ఆయన లేడు, ఇక మీకు పని లేదు, రెండూ ఒకేసారి చెప్పేద్దాం అనుకున్నాను. అనుకున్నానండీ. నా నోటితో నేనే చెబుతున్నాను.

మర్నాడు కాఫీ అమ్మాయి నుంచి జవాబు వచ్చింది. "కాగితం నలుగురం చూశాం. మూడేసిసార్లు చూశాం. ఈసారి తప్పు లేదు. అందుకే పని మొదలుపెట్టలేదు. ఆయనకి ఒంట్లో బాగానే ఉందా?"

నేను ఆ కాగితం తీసి చూశాను. నిజమే, తప్పు లేదు. తర్వాత అక్క చెప్పింది, ఆయన గీయడం ఒకరోజు గీసేవాడట, తప్పు మాత్రం మర్నాడు పొద్దున్నే తనలో తను నవ్వుకుంటూ పెట్టేవాడట. ఆ మర్నాడు ఆయనకి లేదు. ఎదురుగా కూర్చున్న నేను ఆ కాగితాన్ని చేత్తో పట్టుకుని, మిషన్‌లో పెట్టి, పంపాను. నాకేమీ తేడా తెలియలేదు. ఈ గదిలో ఒక్కసారైనా అడుగుపెట్టనివాళ్లకి తెలిసింది. నాకు చాలా సిగ్గేసింది.

ఫోన్ చేసి చెప్పాను.  ఆవిడ ముందు మా అక్క ఎలా ఉంది, అమ్మాయి ఎలా ఉంది అని అడిగింది. పని గురించి అడగలేదు. ఇప్పటికీ అడగలేదు.

కాబట్టి నేనే చెబుతున్నాను. అమ్మా, ఇది నెమ్మదిగా టైపు చెయ్యి. రేపు పొద్దున మీకు ఒక కాగితం వస్తుంది. గీసింది నేను. నాకు గీయడం రాదు. నేను తెలియక చేసిన తప్పులు అందులో చాలా ఉంటాయి, తెలిసి పెట్టింది ఒకటి ఉంటుంది. అన్నీ అడగండి. నాకు కోపం వస్తుంది, అయినా అడగండి. అడిగేదాకా పని మొదలుపెట్టకండి.

ఆ రెండు కుర్చీల కవర్లు ఈ సభ అవగానే విప్పేస్తాను. మమ్మల్ని ఏదైనా అడగడానికి వచ్చేవాళ్లు వాటి మీద కూర్చుంటారు.

ఇక అందరం లేచి నిలబడదాం. రెండు నిమిషాలు మౌనంగా ఉందాం. బావ ఉండగా ఈ గదిలో ఎవరూ ఏమీ అడగకుండా రెండు నిమిషాలు ఎన్నడూ గడవలేదు. ఈ ఒక్కసారికి గడవనిద్దాం. అదిగో చూడండి, అమ్మాయి ఈ మాట ఇంకా టైపు చెయ్యనే లేదు, అవతల నలుగురూ లేచి నిలబడ్డారు. మనమూ లేద్దాం.