మిగిలిన వాటా

గుడియాత్తం బజారులోని వరదరాజులు ఇంటర్నెట్ ఆఫీసుకు మధ్యాహ్నం మూడింటికి సుగంతి వచ్చింది. ఆమె రెండు వీధుల అవతల బ్రౌజింగ్ సెంటర్ నడుపుతుంది.

“అన్నా, పొద్దున్నుంచి నెట్ లేదు. నర్సు ఉద్యోగాలకు అప్లికేషన్ ఈ పొద్దు అయిదింటితో ఆఖరు. తొమ్మిది మంది ఆడపిల్లోళ్లు కూర్చోనుండారు. ఫోన్ నెట్‌తో ఫోటోలు ఎక్కడం లేదు.”

“తెలుసమ్మా. మీ వీధి మలుపులో, స్తంభం మీది పెట్టెలో వైరు తెగుండాది. ఈ ఆఫీసుకు, ఊర్లో సెంటర్లన్నిటికీ ఆ పెట్టె నుంచే లైను.”

“పోయిన వానలో మీరే ఎక్కి అతికిస్తిరే.”

“అప్పుడు పెట్టె నాది. ఇప్పుడు బీగం చెన్నై కంపెనీది. వాళ్ల మనిషి రేపు వేలూరు నుంచి వస్తాడంట.”

“వాళ్లు మీ పార్ట్‌నర్లే కదన్నా?”

“పెద్ద కంపెనీలోళ్లు మూడు నెలలు ఉచితమని ఊరిమీద పడిరి. ఒంటిగా నిలవలేక సగానికి పైన వాటా ఈ చెన్నైవాళ్లకు రాసిచ్చినా.”

వరదరాజులు చెన్నైకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

“ఆ పెట్టె నేను తెరిచి అతికిస్తానప్పా. పది నిమిషాల పని.”

“మీకు ఆ అనుమతి లేదు సార్.”

“ఈ ఊర్లో ప్రతి వైరూ నేను లాగిందే.”

“రేపు మా వాళ్లు వస్తారు సార్.”

అవతల ఫోన్ పెట్టేశారు.

“మీకు మిగిలిన వాటా ఎంతన్నా?”

“నలభై తొమ్మిది శాతం.”

“దాంట్లో మా వీధి లేదా?”

వరదరాజులు తలుపు పక్కన నిలబెట్టిన నిచ్చెన వైపు చూశాడు.

“మూడున్నర బస్సుకు పిల్లోళ్లను ఆంబూరు పిలుచుకుపోమ్మా,” అన్నాడు. “ఆడ వేరే కంపెనీ లైను ఉండాది.”