వేపుడు మేస్త్రి సాక్ష్యం

ఏంటీ, షెడ్డు బోర్డు మీద మీ తాత పేరు పెట్టద్దన్నాడా మీ నాన్న? ‘ఎజ్రా మోటార్ వర్క్స్’ అని రాయిస్తే ఏలూరంతా నవ్వుతుందన్నాడా? కూర్చో ఆనందూ. ఆ కుర్చీలో కాదు, దానికో కాలు కుంటి. ఇలా అరుగు మీదకి రా. తాయారూ, మన ఎజ్రా గారి మనవడొచ్చాడే, ఆనంద్ పాల్, పులుసులో రెండు ముక్కలు ఎక్కువెయ్యి. ఆఁ, ఏమన్నావు? నవ్వుతారా అనా? నవ్వరూ మరి! మీ తాతని చచ్చేదాకా వేపుడు మేస్త్రి అనే పిలిచారు కదా. చచ్చాక కూడానూ. సమాధుల దొడ్లో మట్టేస్తుంటే నా పక్కన ఎవడో, ‘ఇవాళ్టికి చల్లబడ్డాడు మేస్త్రి’ అన్నాడు. నేనూ పళ్ళికిలించాను. దానికేంలే, వస్తాను, అక్కడికే వస్తాను.

ఆ పేరొచ్చింది ఓ వ్యాను బండి వల్ల, అది నువ్వెరగవు. జాయ్సీ అమ్మగారని, మిషనాసుపత్రిలో నర్సు చేసి రిటైరైనావిడ. ఎప్పుడో ఓ దొర డాక్టరు వాళ్ళ దేశం పోతూ పోతూ ఆవిడకిచ్చేసి పోయాడు. లోపల మంచం, పొయ్యి, చేతులు కడుక్కునే సింకు, కిటికీలకి పువ్వుల కర్టెన్లు. మా కొల్లేటికోట ఆడాళ్ళు మొదటిసారి చూసి, ‘ఇందులో ప్రయాణం చేస్తారా అండీ, కాపురం చేస్తారా?’ అనడిగారు. ప్రతి గురువారం ఆవిడ బీపీ మిషనూ, మాత్రల డబ్బాలూ వేసుకుని వచ్చేది. అప్పటికింకా సర్కారు వాళ్ళు కొల్లేట్లో చేపల చెరువుల గట్లు పేల్చెయ్యలేదు. నేను గంగాధరరావు గారి చేపల చెరువు మీద కాపలా. మా గట్టు మీద బండి నిలిపి, అక్కణ్ణుంచి పడవెక్కి లోపలి ఊళ్ళకెళ్ళేది. ఆవిడ రాకపోతే అక్కడి ముసలాళ్ళకి మాత్రలు లేవు, అంతే.

ఇక ఇంజను సంగతి. ఆ బండికి అది ముందు కాదు, వెనకాల ఉంటుంది. మీ తాత మొదటిసారి ముందంతా వెతికి, ‘ఏవండీ, రేడియేటరేదండీ, నీళ్ళెక్కడ పొయ్యాలి?’ అన్నాడు. ‘ఇది నీళ్ళు తాగదు ఎజ్రా, గాలితోనే చల్లబడుతుంది’ అందావిడ. అంతే, మీ తాత పడిపోయాడు దాని మీద. మీ మామ్మ ప్రభావతమ్మ గారిని కూడా అంత ప్రేమగా చూసుండడు. నాలుగు బోల్టులు విప్పి, కింద జాకీ పెట్టి, ఇద్దరు పట్టుకుంటే ఇంజనంతా చేతుల్లోకొచ్చేసేది. ‘ఇంత సులువు ఇంజను ఎక్కడా లేదండీ చిన్నరాజు గారూ, ఆ దొరలు మనబోటి వాళ్ళ కోసమే చేశారు’ అనేవాడు. మరి కష్టమెక్కడంటే, సామాను దొరకదు. తాడేపల్లిగూడెం పాతినప కొట్లన్నీ గాలించేవాడు. లారీ ట్యూబు కోసి రబ్బరు పట్టీలు చేసేవాడు. అన్నీ కుదిరినా, గాలి పోయే దారిలో ఇంత తేడా వచ్చిందో, కొత్తల్లుడిలా అలిగి కూర్చునేది. ఇంకోటి కూడా చెప్పాలి. మీ తాత నోట్లోంచి ‘నాది తప్పు’ అన్న మాట ఎప్పుడూ రాలేదు. బిగించాక బోల్టు మిగిలిపోతే, కంపెనీ వాడే ఒకటి ఎక్కువిచ్చాడనేవాడు!

రెండువేల నాలుగులోననుకుంటా, వానలప్పుడు. గురువారం మా గట్టు మీంచి బయల్దేరిన బండి ఏలూరు చేరకుండానే పట్టేసింది. మీ తాత దింపి చూస్తే పిస్టన్లు మాడి కూర్చున్నాయి. ఇరవై రోజులు కుస్తీ పట్టి లేపాడు. పెట్రోల్లో కల్తీ అన్నాడు. మళ్ళీ గురువారం, మళ్ళీ వాన, మళ్ళీ అదే పొగ, అదే మాడు కంపు. ఆవిడ రోడ్డు పక్కన గొడుగేసుకుని బైబిలు చదువుకుంటోందిట. మా ఊరి టీకొట్టు దగ్గర జనం పోగై, ఏమైంది ఏమైంది అంటుంటే, ‘ఏముందండీ, ఎజ్రా గారు ఇంజను బాగుచెయ్యలేదు, వేపుడు చేశారు’ అన్నాడో ఘనుడు. ఆ పేరు అలా అంటుకుంది. ఆ ఘనుడు ఎవరంటావు? నేనే. ఊఁ, నేనే. తిట్టుకో, పర్లేదు.

బండి ఖర్చంతా భరించేది మీ గుడి కమిటీ. అప్పుడు అందులో జేమ్స్ మాస్టారు, ‘ఇహ చాలండీ, ఈ దరిద్రాన్ని పాతినప కొట్టుకి తోలేద్దాం’ అన్నారు. బండి పోతే ఆవిడ రాకా పోతుంది. ఆ ఆదివారం మీ గుళ్ళో కోత పండగ. నేనెందుకెళ్ళానంటే, కోడికూర భోజనం. దేవుడెవరైతేనేం, కోడి కోడే కదా. దేవుడు చేసిన మేళ్ళకి సాక్ష్యాలు చెప్పమన్నారు. ఒకాయన తాగుడు మానేశానన్నాడు, ఒకావిడ నడుంనొప్పి తగ్గిందంది. అప్పుడు లేచాడు మీ తాత. ‘బండికి గాలి పోయే చిల్లుల్లో సంచులు కుక్కింది నేనేనండీ. వాన నీళ్ళు దిగుతాయనుకున్నాను. రెండుసార్లూ నేనే కాల్చాను. బండిలో దోషం లేదు, అమ్మగారిలో లేదు. నాది తప్పండీ. మళ్ళీ నేనే లేపుతాను, అమ్మకండి’ అన్నాడు. గుళ్ళో ఒకటే నవ్వు. పాస్టరు గారికి ఆమేన్ అనాలో వద్దో తెలీలేదు. కానీ బండి ఉండిపోయింది. ఆ తరవాత ఐదేళ్ళు తిరిగింది, కిక్కురుమనకుండా.

తాయారూ, కాసిని మంచినీళ్ళు.

సంచులు కుక్కింది మీ తాత కాదు ఆనందూ. నేను. కొల్లేటి వాళ్ళం, వానొస్తే ముందు మనం తడిసినా పర్లేదు, ఇంజనుకి పట్టా కట్టేస్తాం. నీళ్ళు తోడే ఇంజన్లన్నీ అలాగే కాపాడుకున్నాం. ఆ బండికి వెనక ఇటూ అటూ చెవుల్లా చీలికలుంటాయి. జోరుగా వాన పడుతుంటే, అయ్యో ఆవిడ ఇంజనులోకి నీళ్ళు పోతున్నాయే అని, చేపల మేత సంచులు చింపి లోపలికంటా కుక్కేశాను. రెండుసార్లూ. ఆవిడకి చెప్పనైనా లేదు, సాయం చేసి చెప్పుకోవడమెందుకని! గుళ్ళో మీ తాత ఆ మాటన్నాక నేను కోడికూర ముట్టలేదు.

మర్నాడు సైకిలేసుకుని గట్టు మీదకొచ్చాడు. క్యారేజీ మీద ఆ సంచి ముక్కలు, మడత పెట్టి. మొదటిసారివి దారిలోనే ఊడిపోయుంటాయి, ఇవి రెండోసారి ఇంజను దింపితే దొరికినవి. వాటి మీద గంగాధరరావు గారి నీలం రంగు గుర్తుందిగా, ఎవరివో తెలీకేం. ‘చిన్నరాజు గారూ, మీ మేత సంచులండి. కడిగి ఆరేశాను’ అన్నాడు. ‘రావు గారికి తెలిస్తే మిమ్మల్ని ఉంచరు, బండిని గట్టెక్కనివ్వరు. మీరేం మాట్లాడకండి’ అన్నాడు. కుండలో నీళ్ళు ముంచుకుని తాగి వెళ్ళిపోయాడు. నన్ను మాట్లాడొద్దన్నాడు సరే, వేపుడు మేస్త్రి అన్నవాళ్ళనైనా నోరుమూసుకోమనొచ్చుగా నేను? అనలేదు. గంగాధరరావు గారు పోయారు, గట్లు పోయాయి, చెరువు పోయింది, ఇంకెవడికి భయపడి? సిగ్గుగా ఉందిరా. అన్నం ముందు కూర్చుంటే సిగ్గుగా ఉంటుంది.

ఊరుకో, అలా చూడకు. బోర్డు రాయించు. ఎజ్రా అన్నది రోడ్డవతలకి కనపడాలి. మీ గుళ్ళో సాక్ష్యాలు ఇప్పటికీ చెప్పిస్తున్నారా? బొట్టు పెట్టుకున్నవాడు లేస్తే కూర్చోమంటారా ఏంటి? ఎన్నింటికి, తొమ్మిదిన్నరకా? తాయారూ, నా తెల్ల చొక్కా ఎక్కడ పెట్టావే? ఆదివారానికే, కానీ ఇప్పుడే తియ్యి.